గంటకు, చెయ్యికి నడుమ

నేను రిటైరైన రోజు మా బొగ్గుబాయి కుర్ర ఆపరేటర్లు నాకొక చేతి గడియారం పెట్టారు. అది టైము చూపించి ఊరుకునే రకం కాదు. పొద్దున నుంచి ఎన్ని అడుగులు వేశానో, రాత్రి ఎంతసేపు నిద్రపోయానో చెబుతుంది. మధ్యాహ్నం పూట మణికట్టు మీద సన్నగా వణికి, ఒక నిమిషం గాలి పీల్చుకో అంటుంది. మనిషికి గాలి పీల్చుకోమని యంత్రం చెప్పే రోజులొచ్చాయా అని నవ్వాను. నవ్వాను గానీ, నా నౌకరీ మొత్తం ఆ ఒక్క మాట మీదనే నడిచింది. మాకు ఆ మాట చెప్పడానికి కొమురయ్య అనే మనిషి ఉండేవాడు.

ఆ పిల్లలే అడిగారు. "సార్, గిన్నేండ్లు గా కుర్చీల కూసున్నరు. మనసు చెదరకుంట ఉండెతందుకు ఏంజేసేటోళ్లో జర రాసియ్యిండ్రి. గ్రూపుల పెట్టుకుంటం" అన్నారు. సరే అన్నాను. ప్రమోషన్లు, కాగితాలు, ఎవరికి ఎప్పుడు ఏ గ్రేడు వచ్చింది, అవి రాయను. అవి ఆఫీసు ఫైళ్లలో పదిలంగా ఉన్నాయి. ఫైళ్లలో లేనిది రాస్తాను. అందులో ఒకటి ఇన్నేళ్లు నేను బాయిలో ఎవరికీ చెప్పనిది కూడా ఉంది.

పని ఏమిటంటే

నా పేరు ఆశీర్వాదం. శ్రీరాంపూర్ దిక్కు ఒక బొగ్గు గనిలో వైండింగ్ ఆపరేటర్‌గా పనిచేశాను. గనిని మేము బాయి అంటాం. మా బాయి నిలువుగా దిగుతుంది. తాడుకు వేలాడే ఇనుప కేజ్‌లో జనం కిందికి పోతారు, పని అయ్యాక పైకి వస్తారు. ఆ తాడు ఒక పెద్ద డ్రమ్ముకు చుట్టుకుని ఉంటుంది. డ్రమ్మును తిప్పేవాడు, ఆపేవాడు వైండర్. అంటే నేను.

చిత్రమేమిటంటే నాకు కేజ్ కనబడదు. మనుషులూ కనబడరు. నా గదిలో ఉండేవి కుర్చీ, చేతికింద రెండు లివర్లు, కేజ్ ఎంత లోతులో ఉందో చూపే ముల్లు, గోడకు ఒక గంట, అవసరానికి కిందికి మాట్లాడే ఫోను. కింద కేజ్ దగ్గర ఉండే మనిషిని ఆన్‌సెట్టర్ అంటారు. అప్పట్లో అతను తీగ లాగితే నా గదిలో గంట మోగేది. రెండు మోగితే దించాలి. మూడు మోగితే మనుషులు ఎక్కబోతున్నారని అర్థం. నేను తిరిగి మూడు కొడితేనే వాళ్లు కేజ్‌లో కాలు పెట్టాలి. అందరూ ఎక్కి, గేటు పడ్డాక ఒకటి మోగుతుంది. అప్పుడు నేను పైకి లాగాలి. అంతే పని. పది నిమిషాల్లో ఎవరికైనా నేర్పొచ్చు. చేయడానికి మాత్రం జీవితమంతా పడుతుంది.

పరధ్యానం

ఈ పనికి నాలాంటివాణ్ని పెట్టడం దేవుడి వేళాకోళం అనుకునేవాణ్ని. చిన్నప్పటి నుంచి నాది పరధ్యానం. మాది నిర్మల్ అవతల గోదావరి ఒడ్డు ఊరు. మిషన్ చర్చిలో ప్రసంగం నడుస్తుంటే నేను కిటికీలోంచి బయట మేకపిల్ల వెనక పోయేవాణ్ని, కూర్చున్నచోటు నుంచి కదలకుండానే. పాస్టర్ గారు ఈ రోజు వాక్యం ఏమిటని అడిగితే తెల్లమొహం వేసేవాణ్ని. మా అవ్వ, అంటే మా అమ్మ, తల కొట్టుకునేది. "వీడు ఈడ కూసుంటడు గని ఈడ ఉండడు" అనేది. బాపు మాత్రం ఏమీ అనేవాడు కాదు. ఆయనకూ అదే జబ్బు.

వైండర్ కుర్చీ పరధ్యానం ఉన్నవాడికి స్వర్గం. ఏడింటికల్లా మొదటి షిఫ్టు జనం దిగిపోతారు. ఆ తర్వాత ఎప్పుడో ఒక గంట, మళ్లీ ఎప్పుడో ఒకటి. మధ్యలో ఆ గదంతా నాదే. డ్రమ్ము ఆగి ఉంటుంది. తాడుకు పూసిన నూనె వాసన మెల్లగా గదంతా పరుచుకుంటుంది. కిటికీ అవతల టేకు చెట్లు. వాన పడితే ఆ వెడల్పు ఆకుల మీద చినుకుల చప్పుడు దూరం నుంచి నడిచి వచ్చినట్టు దగ్గరవుతుంది. నేను చూస్తూనే ఉంటాను, ఎటో పోతూనే ఉంటాను. ఎండాకాలం గోదావరి ఇసుకలో అవ్వ దోసపాదులు పెట్టేది. ఆ పాదుల మధ్య నడిచేవాణ్ని. అరికాళ్ల కింద ఇసుక పైన వేడిగా, కొంచెం తవ్వితే చల్లగా ఉండేది. ఆ చల్లదనం వైండింగ్ రూమ్‌లో కూర్చున్న నాకు నిజంగా తెలిసేది. బాపు నీళ్లలో నడుము లోతు నిలబడి నన్ను రమ్మని చెయ్యి ఊపేవాడు. ఆయన పోయి అప్పటికి నాలుగేళ్లయింది.

అప్పుడు గంట మోగేది. మూడు. నా కింద, నేలకు ఎంతో లోతులో, పది పన్నెండు మంది కేజ్ ముందు నిలబడి నా జవాబు కోసం చూస్తుండేవాళ్లు.

కొమురయ్య నేర్పినవి

నాకు పని నేర్పిన పెద్ద ఆపరేటర్ కొమురయ్య. సన్నటి మనిషి, ఆయాసం ఉండేది. జేబులో ఎప్పుడూ వేయించిన పల్లీలు. నా జబ్బు ఆయన మొదటి వారంలోనే పట్టేశాడు. నన్ను పంపించేస్తాడని భయపడ్డాను. ఆయన ఒక పల్లికాయ ఒలిచి నా చేతిలో పెట్టి అన్నాడు.

"నీ మనసు తిరుగుతది. తిరగనియ్యి. కట్టేస్తే ఇంకింత గుంజుతది. గాని, గంట మోగినంక ఎంటనే చెయ్యి కదిలియ్యకు. ఒక్క ఊపిరి తీస్కో. గా ఊపిరిల నీ మనసు ఏడున్నా ఇంటికొస్తది. గంటకు, చెయ్యికి నడుమ గా ఊపిరి ఒక్కటి ఉంటె చాలు. ఇంకేం ఫికర్ చెయ్యకు."

మనసును నిలిపే విద్యల మీద తర్వాత చాలా విన్నాను. ఇంతకన్నా పనికొచ్చే మాట వినలేదు.

ఆయన దగ్గర ఇంకొన్ని చిన్న అలవాట్లు ఉండేవి. అన్నీ నాకు అంటుకున్నాయి. కుర్చీ ఎక్కగానే తువ్వాల భుజం మీద వేసుకునేవాడు. డ్రమ్ము ఆగి, చేసేదేమీ లేనప్పుడు దాన్ని మేకుకు తగిలించేవాడు. తువ్వాల మేకుకు ఉంటే మనసుకు సెలవు. భుజం మీద ఉంటే లేదు. ఒంటికి తెలిసే గుర్తు ఒకటి ఉండాలని ఆయన లెక్క. నీళ్లకు పెద్ద సీసా పెట్టుకునేవాడు కాదు, చిన్న గిలాస పెట్టుకునేవాడు. అయిపోయినప్పుడల్లా లేచి కుండ దాకా నడవాలి కాబట్టి మోకాళ్లు పట్టుకుపోవు. జనం పూర్తిగా దిగేదాకా తిండి ముట్టడు. తిన్నా జొన్నరొట్టె, పప్పు. షిఫ్టులో అన్నం తింటే కళ్లు మూతలు పడతాయని ఆయన నమ్మకం, నా అనుభవం కూడా అదే.

సెల్‌ఫోన్లు వచ్చాక నేను ఒకటి కలిపాను. గది బయట ఒక రేకు డబ్బా పెట్టి, ఫోను అందులో వేసి లోపలికి పోయేవాణ్ని. ఒక కుర్రాడు నీళ్లు తాగమని గుర్తుచేసే యాప్ పెట్టుకుని, కేజ్ నడుస్తుండగా అది కుయ్యిమంటే ఉలిక్కిపడ్డాడు. నీళ్లు తాగడం మంచిదే. కేజ్‌లో ఉన్నవాళ్లు కూడా ఇంటికి పోయి నీళ్లు తాగాలి కదా అన్నాను. వాడు ఆ రోజే డబ్బా తెచ్చుకున్నాడు.

పగటి నిద్ర

షిఫ్టు నౌకరీలో ఒంటిని నిలబెట్టేది నిద్ర. నా నిద్రకు కాపలా మా ఇంటామె మార్త. నైట్ డ్యూటీ వారాల్లో నేను పొద్దున వచ్చి పడుకుంటే, కిటికీకి తడిపిన గొంగడి కట్టేది. గదిలో చీకటి, చల్లదనం, ఉన్ని వాసన. ఆ వాసనలో నేను ఏ పొలాల్లోనో మేకల వెంట తిరిగి, సాయంత్రానికి లేచేవాణ్ని.

ఎవరొచ్చినా "ఆయన ఊర్లె లేడు" అని పంపేసేది. ఒకసారి పాస్టర్ గారొచ్చారు. ఆయనకూ అదే చెప్పింది. ఆయన వెళ్లబోతూ ఆగి, లోపలి నుంచి వస్తున్న గురక విని, "ఊర్లె లేని మనిషి కోసం ప్రార్థన చేసి పోతనమ్మా" అని అక్కడే వరండాలో ప్రార్థన చేసి పోయారట. కొత్తగా చేరే పిల్లలకు నేను చెప్పేది ఇదే. మీ నిద్రను ఇంట్లో వాళ్లందరూ మీ పనిలో భాగం అనుకోవాలి. అట్లా అనుకునే ఇల్లు లేకపోతే ఏ గడియారం మిమ్మల్ని కాపాడలేదు.

ఇద్దరు దొరలు

నేను చూసిన పై అధికారుల్లో ఇద్దరి గురించి చెబితే చాలు. ఒక ఇంజనీరు గది నిండా ఏకాగ్రత మీద కాగితాలు అంటించాడు. ఒకటి తీసుకొచ్చి లోతు చూపే ముల్లు అద్దం మీదనే అంటించాడు. డ్రమ్ము తిరుగుతుండగా వచ్చి పక్కన నిలబడి, ఏకాగ్రత ఎట్లా ఉందని అడిగేవాడు. మంచివాడే. ఆయన ఉన్నంతసేపు నాకు అరచేతుల్లో చెమట పట్టేది.

ఇంకొకాయన మేనేజరు. ఒక రోజు జోరు వానలో నా గది తలుపు దాకా వచ్చాడు. డ్రమ్ము తిరుగుతోంది. ఆయన లోపలికి రాలేదు. కేజ్ పైకి చేరి, నేను బ్రేకు వేసి, తువ్వాల మేకుకు తగిలించేదాకా వానలోనే నిలబడ్డాడు. తర్వాత లోపలికి వచ్చి, నీళ్లు కారుతున్న టోపీ తీసి, తనకు కావలసింది రెండు మాటల్లో అడిగి వెళ్లిపోయాడు. ఎదుటివాడి ధ్యాసను అట్లా గౌరవించిన మనిషిని నేను మళ్లీ చూడలేదు. ఆ రోజు నుంచి మా ఇంట్లో కూడా ఎవరైనా పనిలో ఉంటే వెనక నుంచి పిలవడం మానేశాను.

ఇక్కడి దాకా రాసింది పిల్లలు అడిగింది. ఇక్కడి నుంచి రాసేది వాళ్లు అడగనిది.

రాజలింగు పాదం

మా ఆన్‌సెట్టర్ మొండయ్య, చెన్నూరు మనిషి. నాకన్నా ఐదారేళ్లు పెద్ద. నేను అన్నా అనేవాణ్ని, ఆయన తమ్మీ అనేవాడు. కింద ఆయన గంట, పైన నా గంట. రోజంతా మేము మాట్లాడుకునేది అట్లాగే. ఎన్నో ఏళ్లు కలిసి పనిచేశాం. ఆయన గంట కొట్టే తీరు నాకు కంఠతా వచ్చేసింది. మూడు కొట్టేవాడు, నేను మూడు కొట్టేవాణ్ని, జనం ఎక్కడానికి పట్టినంత సేపు, తర్వాత ఒకటి. ఆ మధ్య కాలం ఎంతో నా ఒంటికే తెలుసు.

మొండయ్యది నోరు ఊరుకునే రకం కాదు. కేజ్ ఎక్కే ప్రతివాణ్ని ఏదో ఒకటి అని నవ్వించేవాడు. దొరలకు అది నచ్చేది కాదు. జనానికి మాత్రం ఆయన లేకపోతే బాయి బోసిపోయినట్టుండేది.

ఒక వానాకాలం. మొదటి షిఫ్టు అయిపోయి జనం పైకి వస్తున్నారు. అది నాలుగో ట్రిప్పో, ఐదోదో. మూడు మోగింది. నేను మూడు కొట్టాను. తువ్వాల భుజం మీదనే ఉంది. కిటికీ అవతల చినుకులు మొదలైనట్టు గుర్తు. ఒకటి మోగింది. లివరు కదిపాను.

వెంటనే గంట ఎడతెగకుండా మోగడం మొదలుపెట్టింది. బ్రేకు వేశాను. కేజ్ లేచింది మూరెడు కూడా కాదు. ఆ మూరెడులో, చివరగా ఎక్కుతున్న రాజలింగు కుడి పాదం కేజ్ అంచుకూ మెట్టుకూ నడుమ పడింది.

రాజలింగు బాయిలో కప్పుకు దుంగలు నిలబెట్టే పని చేసేవాడు. దుంగలు మోస్తూ పాట పాడేవాడు. ఆయన పాదం ముందు సగం పోయింది. ఆ తర్వాత పైన, జనానికి టోపీ దీపాలు ఇచ్చే గదిలో కూర్చునే పని ఇచ్చారు.

విచారణ పెట్టారు. "ఒకటి విన్నావా?" అని అడిగారు. "విన్న సార్" అన్నాను. నేను అబద్ధం చెప్పలేదు. నా చెవుల్లో ఆ గంట అప్పటికీ మోగుతోంది. మొండయ్యను అడిగితే "నేను కొట్టలే సార్. మనిషి ఎక్కుతనే ఉండె, ఎట్ల కొడ్త?" అన్నాడు. పైన కేజ్ దగ్గర ఉండే మనిషి బొగ్గు మోసే టబ్బుల చప్పుడులో తనకేమీ వినబడలేదన్నాడు. ఇక మిగిలింది నా మాట, మొండయ్య మాట. నేను నోరు మెదపని మనిషిని, చర్చికి పోయేవాణ్ని. మొండయ్య నవ్వులాటల మనిషి. మాటల ధ్యాసలో పడి తీగ లాగి ఉంటాడని రాశారు. ఆయనను గంట దగ్గర నుంచి తీసేసి, లోపల టబ్బులు నెట్టే పనికి వేశారు. రిటైరయ్యేదాకా ఆయన అదే చేశాడు.

ఆ రోజు ఆఫీసు బయట మొండయ్య నా దగ్గరికి వచ్చి, "తమ్మీ, నిజంగనే విన్నవా?" అని అడిగాడు. "విన్ననే అన్నా" అన్నాను. ఆయన నా మొహం కొంచెంసేపు చూసి, తల ఊపి వెళ్లిపోయాడు.

పలక

ఆ తర్వాత ప్రతి గంటనూ ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టుకోవాలనిపించేది. మంచిర్యాలకు పోయినప్పుడు పిల్లలు రాసుకునే పలక ఒకటి, బలపాల డబ్బా ఒకటి కొనుక్కున్నాను. గంట మోగినప్పుడల్లా ఎడమచేత్తో ఒక గీత గీయాలి. ఎన్ని గీతలో పైకి చదవాలి. కొమురయ్య చెప్పిన ఊపిరి తీయాలి. అప్పుడే కుడిచెయ్యి కదలాలి. అంతకుముందు ఆ ఊపిరిని నేను ఎప్పుడు వదిలేశానో నాకే తెలియదు. అలవాటు చెయ్యి జారిపోతే చప్పుడు రాదు.

రెండు నెలలు గడిచాయి. ఒక పొద్దున, పదిన్నర ప్రాంతంలో, నలుగురు మనుషులు పైకి రావాలి. మూడు మోగింది, మూడు గీతలు. నేను మూడు కొట్టాను. పలక తుడిచాను. కిటికీలోంచి ఎండ పలక మీద పడుతోంది. తడి ఆరుతుంటే చూస్తూ కూర్చున్నాను. ఆరిపోతున్న తడిలో ఏదో నది ఆకారం. అవతలి ఒడ్డున ఎవరో నడుస్తున్నారు. ఒకటి మోగింది. గీత గీశాను. "ఒకటి" అని పైకి అన్నాను. ఊపిరి తీశాను.

ఆ ఊపిరి నడుమలో గంట మోగింది.

పలక మీద ఒక గీత ఉంది. ఇప్పుడు మోగింది రెండోదైతే దించమని అర్థం. దించడానికి కింద చోటే లేదు. కిందికి ఫోను చేసి, ఎన్ని కొట్టావని అడిగాను. కొత్త ఆన్‌సెట్టర్ "ఒక్కటే సార్, ఇప్పుడే కొట్టిన" అన్నాడు. మళ్లీ కొట్టమన్నాను. మోగింది. గీశాను, అన్నాను, ఊపిరి తీశాను, నలుగురినీ పైకి తెచ్చాను. తర్వాత పలక ఒళ్లో పెట్టుకుని ఆ మొదటి గీతను చూస్తూ కూర్చున్నాను. దాన్ని గీసింది నేను. దాని గంట ఎవరూ కొట్టలేదు. రావలసిన వేళకు అది నాలోనే మోగింది, అచ్చం నిజం గంటలాగే.

మొండయ్య గంట కొట్టలేదని నాకు ఆ క్షణంలో తెలిసిపోయింది.

ఆ సాయంత్రం మార్తకు చెప్పాను. ఆమె బియ్యం ఏరుతూ చేతులు ఆపింది. "రేపు పొయ్యి ఆఫీసుల చెప్పు. ముందుగాల మొండయ్య బావకు చెప్పు" అంది. రేపు అన్నాను. పిల్లలు చదువుకుంటున్నారు, కుర్చీ పోతుంది, చర్చిలో పెద్దరికం పోతుంది. రేపు అన్నది ఏళ్లయింది. దేవుడికి మాత్రం ప్రతి రాత్రీ చెప్పుకున్నాను. దేవుడికి చెప్పడం తేలిక, ఆయన చార్జిషీటు ఇవ్వడు.

దీనికన్నా సిగ్గుపడవలసింది ఒకటుంది. నా పలకకు పేరొచ్చింది. ఇంజనీర్లు చూసి మెచ్చుకున్నారు. వేరే బాయిల్లో కూడా పలకలు పెట్టారు. నన్ను పిలిచి కొత్తవాళ్లకు చెప్పమన్నారు. "ఈ ఉపాయం ఎట్ల తట్టింది సార్?" అని అడిగితే "ఊర్కనే" అనేవాణ్ని. మొండయ్య అప్పుడు కింద టబ్బులు నెడుతున్నాడు. కేజ్‌లో ఆయనను రోజూ దించింది, ఎక్కించింది నేనే.

రాజలింగు నేను రిటైర్ కావడానికి ముందు ఏడు జ్వరంతో పోయాడు. మట్టిలో పెట్టేటప్పుడు నేనూ ఒక గుప్పెడు వేశాను. ఆయన చివరిదాకా నన్ను చూస్తే నవ్వేవాడు, మొండయ్యను చూస్తే మొహం తిప్పుకునేవాడు. ఆ మొహం తిప్పుకోవడం నాకు రావలసింది. ఆయనకు నిజం చెప్పే అవకాశం నేను పోగొట్టుకున్నాను.

చెన్నూరు

రిటైరైన పదో రోజు చెన్నూరు బస్సెక్కాను. మార్త కూడా వస్తానంది, వద్దన్నాను. దారి పొడుగునా పత్తి చేన్లు తెల్లగా, మబ్బు కిందికి దిగి పరుచుకున్నట్టు ఉన్నాయి. కిటికీ పక్కన కూర్చుని ఏం చెప్పాలో అనుకుంటూ పోయాను. ఒక్క మాటా నిలవలేదు. బస్సు ఊగుతుంటే బాపు కనబడ్డాడు, కొమురయ్య కనబడ్డాడు. 

మొండయ్య వాకిట్లో మంచానికి నవారు అల్లుతున్నాడు. నన్ను చూసి లేచి, "తమ్మీ, గిన్నొద్దులకు యాదికొచ్చిన్నా?" అని కౌగిలించుకున్నాడు. చాలా చిక్కిపోయాడు. నోరు కూడా మునుపటంత లేదు. ఆయన ఇంటామె లచ్చవ్వ చాయ తెచ్చింది. నేను చాయ తాగుతుండగా ఆయన లేచి పెరట్లోకి పోయి వచ్చాడు. కొంచెంసేపటికి మళ్లీ పోయి వచ్చాడు. మూడోసారి లేస్తుంటే లచ్చవ్వ నవ్వింది.

"బోరు మోటరు బందు పెట్టిన్నా లేదా అని చూసొస్తుండు. తలుపు తాళం గూడ గంతే. పొయ్యి ఆర్పిన్నా, బర్రెను కట్టేసిన్నా అని నన్ను దినాం పరేషాన్ చేస్తడు. బాయిల గా గంట సంగతి అయిన కాడికెల్లి గిట్లనే. తన చెయ్యి మీద తనకే నమ్మకం లేదు" అంది. అని ఖాళీ గిలాసలు తీసుకుని లోపలికి వెళ్లింది.

మొండయ్య వచ్చి కూర్చున్నాడు. నేను చెప్పడం మొదలుపెట్టాను. పలక సంగతి, ఆ పొద్దున సంగతి, ఊపిరి నడుమ మోగిన గంట సంగతి. చివరికి "నువ్వు కొట్టలే అన్నా. నాకు గిన్నేండ్ల నుంచి ఎరుకనే. చెప్పలే" అన్నాను. 

ఆయన నవారు చివర వేలికి చుట్టుకున్నాడు. తిడతాడని చూశాను. తిడితే బాగుండేది.

"ఒక ఏడాది దాక కొట్టలే, కొట్టలే అన్న తమ్మీ" అన్నాడు. "అందరు కొట్టినవ్ అన్నరు. రాజలింగు అన్నడు. నువ్వు విన్న అంటివి. నువ్వు అబద్ధమాడేటోనివి కావు. అటెన్క నాకే అనిపించింది, కొట్టిన్నేమో, నాకే యాది లేదేమో అని. కండ్లు మూస్తే నా చెయ్యి తీగ గుంజినట్టు కనవడేది. గట్ల కనవడంగ కనవడంగ నేనే కొట్టిన్ననుకున్న. గా పాదం నేనే తీసిన్ననుకున్న."

నాకు ఏడుపు వచ్చింది. దాచుకోలేదు. జరగని గంటను నేను ఒక్కసారి విన్నాను. ఆయన చెయ్యి దాన్ని ఇన్నేళ్లు కొడుతూనే ఉంది.

"ఆఫీసుకు రాస్త అన్నా. దస్కతు పెట్టి రాస్త. అందరికి తెలిసెటట్టు రాస్త" అన్నాను.

"రాయి" అన్నాడు. "గని ముందుగాల ఇంట్ల చెప్పు." లోపలికి తిరిగి, "లచ్చవ్వా, జర ఇటు రా" అని పిలిచాడు. ఆమె తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి గడప దగ్గర నిలబడింది. "తమ్మీ ఒక మాట చెప్తుండు, ఇను. తమ్మీ, మెల్లగ చెప్పు."

నేను లేచి నిలబడ్డాను. "వదినా, ఆ దినం అన్న గంట కొట్టలే. ఎవ్వలు కొట్టలే. మోగని గంట నేను విన్న. తప్పు నాది" అన్నాను.

ఆమె నన్ను చూడలేదు. ఆయన వైపే చూస్తూ నిలబడింది. 

"ఆ రాత్రి ఇంటికొచ్చి నా చేతులు పట్టుకొని గిదే చెప్పిండు" అంది. "నేనే నమ్మలే."

వచ్చి మంచం మీద ఆయన పక్కన కూర్చుంది. ఆయన చెయ్యి తీసుకుని తన ఒళ్లో పెట్టుకుంది.